వీపు వైపు

షార్జాలో, రోలా బస్టాపు వెనక, రెండో అంతస్తు.
మా స్టూడియోకి ఒకటే నల్లకోటు,
నలభై రెండో సైజు. ఎవరొచ్చినా అదే.
సన్నటివాళ్లకి వెనక నాలుగు బట్టల క్లిప్పులు పెడతాను.
ముందు నుంచి అందరూ మేనేజర్లే.

"నవ్వొద్దు. చెవులు కనపడాలి."
రోజుకి అరవైసార్లు ఇదే మాట.
తెల్లగోడ, టక్కున వెలుగు, ఆరు కాపీలు.

ఆ తర్వాత, ఒప్పుకున్నవాళ్లని
అటు తిరగమంటాను.
ఇది నా సొంత పని. ఓనరుకి తెలీదు.
ఇప్పటికి రెండొందల పదకొండు వీపులు:
మెడ మీద ఎండ ఆగిపోయిన గీత,
చెవి వెనక కడుక్కోవడం మర్చిపోయిన సిమెంటు,
నోరు విరిగిన గులాబీ క్లిప్పు.

నిన్న మెట్‌పల్లి రాజలింగు
తెర మీద చూసుకుని చాలాసేపు ఏమీ అనలేదు.
"నా ఈపు నేనెన్నడు సూడలే తమ్మీ.
గింత వంగిందా?"
కోటు కుట్టు అట్లా ఉందన్నాను.
అబద్ధం.

ఫోటోలు జేబులో పెట్టుకుని మెట్లు దిగాడు.
కోటుతో పాటు చొక్కానీ పట్టుకున్న క్లిప్పొకటి
కాలరు కిందే ఉండిపోయింది.
కిటికీలోంచి పిలవబోయి
కెమెరా అందుకున్నాను.

శుక్రవారం జనంలో
ఒక ఆకుపచ్చ చుక్క
రోడ్డు దాటుతోంది.