రక్షణ సుంకం

అంబత్తూరు ఎస్టేట్‌లో మా షెడ్డు గోడకి
కొత్త సర్క్యులర్ అంటించాడు పెరుమాళ్లు.
యుద్ధంలో చితికిన ఆ దేశపు ఇనుముకి
ఏడాదిపాటు రక్షణ సుంకం ఎత్తేశారట.

మంచిదే అన్నాను.
పొద్దున పేపర్లో వాళ్ళ కూలిన వంతెన చూస్తూ
కాఫీ చల్లారబెట్టుకున్నవాణ్ణే.
మధ్యాహ్నం లెక్క కట్టాను:
కిలోకి పదకొండు రూపాయలు తక్కువ.
ఇక మా తీగ ఎవడు కొంటాడు?

హార్బర్ నుంచి మొదటి చుట్ట
పక్క షెడ్డులో దిగింది.
పగవాణ్ణి చూడబోయినట్టే వెళ్ళాను.
ఒక వైపంతా ఉప్పుగాలి తిన్న తుప్పు.
రేకుబిళ్ళ మీద అర్థంకాని అక్షరాలు,
తేదీ ఒక్కటే చదవగలిగాను.
ఆ వారమంతా అక్కడ కరెంటు లేదని విన్నానే,
మరి కొలిమి ఎలా రాజేశారు?

లోపలి చుట్టు మీద
ఎవరో సుద్దముక్కతో పెట్టిన టిక్కు.
మా మస్తానమ్మ పెట్టేలాంటిదే,
తోక కాస్త పొడుగు.
వేలితో తుడవబోయి ఆగాను.

రెండో షిఫ్టు తీసేస్తున్నట్టు
ఆమెకింకా చెప్పలేదు.
రేపు చెప్పాలి.
ఆ దేశం పేరు మాత్రం ఎత్తను.
వాళ్ళ వంతెన బరువు ఆమె నెత్తిన ఎందుకు?

ఏమీ అనదు, నాకు తెలుసు.
కొంగు ముడి విప్పి
సుద్దముక్క బల్ల మీద పెడుతుంది.