ఒకవైపు వాలు

కత్తికి రెండువైపులా పదునంటారు గానీ
అంటుకట్టే మడతచాకుకి ఒక్క వైపే.
కుడిపక్క వాలు, ఎడమపక్క పలకలా చదును.
షెపర్టన్‌లో కొట్టు కుర్రాడు
"అందరూ ఇదే కొంటారు" అన్నాడు.
ఆ అందరిలో నేను లేనని
నాకూ తోచలేదు.

నాది పుర్రచెయ్యి.

మొదటి ఆగస్టు. పియర్ తోటలో
గడ్డి మీద తెల్లటి మంచు, నోట్లోంచి పొగ.
కొమ్మని ఏటవాలుగా చెక్కబోతే
గరిటెగుంటలా లోపలికి దిగేది కోత.
రెండు చెక్కులూ కలిపి పైకెత్తితే
మధ్యలోంచి ఆకాశం.
నాలుగొందల అంట్లు కట్టాను. తొంభై పట్టాయి.
తోట నడిపే మొయిరా లెక్కపుస్తకం మూసేసి
"చాకు మొండిదేమో చూపించు" అంది.

ఆదివారం సంతలో సబ్రీ వ్యాను.
నీళ్లలో తిరిగే చక్రం, నడుముకి తోలుగుడ్డ,
పన్నెండు డాలర్లు, నాలుగు నిమిషాలు.
ఇచ్చేముందు పేపరు అంచు గాల్లో పట్టి
ఒక్క గీత గీశాడు.
చప్పుడు లేదు. క్రికెట్ స్కోరు రెండు ముక్కలు.
చెయ్యి తిరిగినవాడే, సందేహం లేదు.
అతని చెయ్యి తిరిగిన వైపు
నా చెయ్యి తిరగదు, అంతే.
మర్నాటి నుంచి
తప్పు కోతలే, ఇంకా నున్నగా పడ్డాయి.

అప్పుడు కొన్నాను సానరాయి.
సింకు పక్కన తడిగుడ్డ పరిచి
మొదటి నెలంతా నేర్చుకున్నది
రాయిని ఎలా పాడుచేయాలో.
కోణం నిలవదు. మొన దగ్గరికొచ్చేసరికి
మణికట్టు దానంతటది లేస్తుంది.
బొటనవేలికి రెండు కుట్లు.
వాన రాత్రుల్లో స్ర్... స్ర్... వింటూ
పక్కింటావిడ తలుపు తట్టి
"లోపల ఏదైనా జంతువుందా?" అని అడిగింది.
ఉందన్నాను.

చిన్నప్పుడు వెంకాయమ్మ టీచరు
నా ఎడమచేతిలోంచి బలపం తీసి
కుడిచేతిలో పెట్టేది, రోజూ, కోప్పడకుండా.
అక్షరాలు కుదిరాయి.
కత్తిపీట దగ్గరికొచ్చేసరికి
చెయ్యి మళ్లీ తన ఇంటికి తను పోయింది.

మూడు చలికాలాలు.
చలికాలానికి వెంట్రుకవాసి చొప్పున
చాకు వాలు కుడినుంచి ఎడమకి నడిచింది.
నడిచినట్టు నాకు తెలీదు.
కోతలు కుదురుతున్నాయని మాత్రం తెలుసు.

ఈ జులైలో కొమ్మల్లో దాగిన తీగకి తగిలి
అంచులో బియ్యపుగింజంత నొక్కు.
అది నా రాయికి తేలేది కాదు.
మళ్లీ సంత, మళ్లీ సబ్రీ.
కళ్లజోడు నుదుటినుంచి దించి
చాకుని వెలుతుర్లో అటూ ఇటూ తిప్పి
"ఎడమచేతి వాటమా?" అన్నాడు.

నేను ఇచ్చింది కుడిచేత్తోనే.
ఎవరికైనా ఏదైనా ఇస్తే కుడిచేత్తోనే ఇస్తాను.

"మొన దగ్గర తొందరపడతావు" అన్నాడు,
జాతకం చెప్పినట్టు కాదు,
కరెంటు మీటరు చదివినట్టు.
చక్రం ఆపేశాడు.
సీటు కిందనుంచి నల్లరాయి తీసి
నొక్కు పోయేదాకా చేత్తోనే, ఎడమ వాలుకే పట్టాడు.
వెనక వరసలో ముసలాయన
గొర్రెల కత్తెరతో విసుగ్గా దగ్గాడు.

ఇరవై డాలర్లన్నాడు. పోయినసారి పన్నెండేగా అంటే
"చక్రానికి పన్నెండు. నా భుజానికి ఎనిమిది."
బేరమాడలేదు.
చాకు మడిచి చేతిలో పెడుతూ
"మొన ముట్టుకోలేదు" అన్నాడు.
ఎందుకని అడిగేలోగా
గొర్రెల కత్తెర అందుకున్నాడు.

ఈ ఆగస్టులో మూడొందల ఎనభై కట్టాను.
చెక్కుకి చెక్కు ఆనించి ఎత్తితే
సన్నటి గీత, వెనక ఏమీ కనిపించదు.
ఎన్ని పడతాయో అక్టోబరు దాకా తెలీదు.
మొయిరా అప్పుడే లెక్కపుస్తకం తెరిచి పెట్టుకుంది.

రాత్రి సింకు పక్కన తడిగుడ్డ పరిచాను.
మొన దగ్గరికొచ్చేసరికి
మణికట్టు మళ్లీ లేచింది.