కోలన్ డబ్ల్యూ క్యూ

ఆటోనగర్‌లో మా ఆఫీసు లేత్ షాపు మీద.
కింద ఇనుము అరుస్తుంటే పైన మేం
లారీ కిరాయిల లెక్కలకి ప్రోగ్రాములు రాసేవాళ్ళం.
ఉన్నది ముగ్గురం. పార్టీలు రెండు.

నాంచారయ్యది వీఐ.
మౌసు తగిలితే స్నానం చేసొచ్చేట్టుంటాడు.
ఏసుపాదానిది ఈమ్యాక్స్.
కంట్రోల్ నొక్కీ నొక్కీ ఎడమ చిటికెన వేలు
కాస్త బయటికి తిరిగిపోయింది.
దాన్నే పతకంలా చూపిస్తాడు.

"ఇంగ్లీషులో రాసి చూడు,
విజయవాడ మొదలయ్యేదే మా ఎడిటరుతో."
"మరి బెజవాడో?"

"నీ దాంట్లో రాయాలంటే ముందు
రాస్తున్నానని అర్జీ పెట్టుకోవాలి.
మర్చిపోయి డి రెండుసార్లు తగిలిందా,
లైనుకి లైను గోవిందా."
"నీదసలు ఎడిటరా, కల్యాణమండపమా?
ఉత్తరాలందులోనే, క్యాలెండరందులోనే, ఆటలూ అందులోనే.
వంటవాడొక్కడే తక్కువ."

మే నెల బెజవాడ ఎండ తెలుసుగా.
మధ్యాహ్నం రెండింటికల్లా కరెంటు పోయేది.
రాసిన దాంట్లో సగం పోయేది.
వాదన మాత్రం ఆగిన చోటే సేవై ఉండేది.

నేనా? నోట్‌ప్యాడ్.
ఆ గదిలో ఆ మాట పైకి అనే ధైర్యం లేక
ఎవరైనా వెనక నుంచుంటే
విండో చిన్నది చేసేదాన్ని,
పరీక్ష హాల్లో చీటీ దాచినట్టు.

ఓసారి కింది నుంచి నాగుల్ మీరా
అద్దె రసీదు కోసం వచ్చి, చేతుల గ్రీజు తుడుచుకుంటూ
అరగంట నిలబడి విన్నాడు.
"ఇంతకీ ఇవాళ ఏం రాశారయ్యా వాటిల్లో?"
ఆ సాయంత్రం టీ డబ్బులెవరివో కూడా తేల్చుకోకుండా
లేచిపోయారిద్దరూ.

ఎందుకింత పట్టుదల అని నేనూ ఆలోచించాను.
నాంచారయ్య అది నేర్చింది
స్టేషను వెనక ఓ ఆఫీసులో, రాత్రి డ్యూటీలో.
లైను ఎంత నెమ్మదంటే
కొట్టిన అక్షరం తెర మీదకొచ్చే లోపు
ఓ గూడ్సుబండి పూర్తిగా దాటిపోయేదట.
కనబడకముందే నమ్మడం అక్కడ అలవాటైంది.
ఏసుపాదం సంగతి వేరు.
సీనియరొకాయన వెళ్ళిపోతూ ఇచ్చిన సెట్టింగుల ఫైలుంది,
రెండువేల లైన్లు.
సగం ఎందుకున్నాయో వాడికే తెలీదు.
ఒక్కటీ తీయడు.

"నీ ఎడిటరు దండగ" అంటే
"ఆ రాత్రులన్నీ దండగ" అని వినబడేదేమో వాళ్ళకి.
ఏమో. ఒట్టి మొండితనమూ అయ్యుండొచ్చు.

జూలై వానకి బెంజ్ సర్కిల్ దగ్గర బండి జారి
నాంచారయ్య కుడిచేతికి కట్టు పడింది.
నెలాఖరు. లెక్కలాగవు.
అతని కుర్చీలో ఏసుపాదం, పక్కన స్టూలు మీద అతను.
"ఎస్కేప్. ముందు ఎస్కేప్ అన్నానా? కోలన్. డబ్ల్యూ. క్యూ."
"తెలుసులే."
"తెలిస్తే కొట్టవేం?"
పదకొండు రోజులు.
తిట్లు తగ్గలేదు గానీ
చివరికి నాంచారయ్య నోరు తెరవకముందే
వేళ్ళు కదిలిపోతున్నాయి.
చూశాను. ఏమీ అనలేదు.

కట్టు విప్పారు. ఎవరి కుర్చీ వాళ్ళది.
వాదన మళ్ళీ మొదలు, ఇంకాస్త గట్టిగా.

ఆగస్టులో గొల్లపూడి లారీ ఓనరొకాయన
మేం పంపిన బిల్లు పట్టుకుని మెట్లెక్కాడు.
కిరాయి సరే, హమాలీ సరే, టోలు సరే.
అన్నిటికీ అడుగున, మొత్తం వేశాక,
కోలన్, డబ్ల్యూ, క్యూ.
"ఇదేంటమ్మా, కొత్త పన్నా?"

ఆ ఫైలు ఏసుపాదానిది. రాసింది ఈమ్యాక్స్‌లో.

నాంచారయ్య కాగితం అందుకున్నాడు.
రెండుసార్లు చదివాడు.
ఎదటి కుర్చీ వంక చూడలేదు.
"పన్ను కాదండీ," అన్నాడు. "మావాడి సంతకం."
ఏసుపాదం తలెత్తలేదు.
చిటికెన వేలు మాత్రం కంట్రోల్ మీదే ఉంది.

ఇంకో బిల్లు తీసిస్తానుండండి అని తిరిగాను.
ముగ్గురూ వచ్చి నా వెనక నుంచున్నారు.

విండో చిన్నది చేశాను.