ఎనిమిది వారాలు

అదాలత్ కాడ రేకుల షెడ్డు కింద
నాది మూడో టేబులు.
కీబోర్డుల వై అక్షరం సరిగ పడది.
ఈదునూరి సాంబలచ్చికి నేను కొట్టిచ్చిన కాయితాలు
ఇయ్యాల్టితోని పదకొండు.

మొదటిది ఉత్త అర్జీ:
మా నాయన సచ్చి ఆరేండ్లాయె,
ఎకరం ముప్పై గుంటలు
నా పేరు మీదికి మార్చుండ్రి సారూ, అని.

హైకోర్టు ఆర్డరొచ్చిన్నాడు
ఇంగ్లీషుల ఉన్నదని నా కాడికే పట్టుకొచ్చింది.
ఎనిమిది వారాల్లోపు మార్చాలన్నరవ్వా, అన్న.
వేళ్ల మీద లెక్కెయ్యలే.
"అంటే, గింజ పెట్టిన కాన్నుంచి పూత దాక గదా."

జూన్ల పెట్టింది.
ఆగస్టుల పూసింది.
పత్తికి ఎవలూ నోటీసియ్యలే.

తహసీలు ఆఫీసుల ముద్ర పడ్డది, నంబరు పడ్డది.
ఆ మీద సర్వరు పనిచెయ్యలే.
సర్వరు లేసినంక సారు మీటింగుకు పోయిండు,
మీటింగు నుంచి అటే బదిలీ మీద పోయిండు.
కొత్త సారు, పాత సారు కాలపు ఆర్డరు
నాకెట్ల తగుల్తదన్నడు.

ఎనుమాముల మార్కెట్ల సీసీఐ కాంటా కాడ
పాసుబుక్కు ఎవరి పేరు మీదుందంటరు.
సచ్చినాయన పేరు మీద.
అయితే ఆయన్నే రమ్మను, అని ఒక పిలగాడు నవ్విండట.
పక్క షెడ్డుల అడ్తిదారు ఏ పేరూ అడగడు,
క్వింటాలుకు పదమూడొందలు తక్కువిస్తడు, అంతే.
ఆ తక్కువను గుడ కాయితం మీద పెట్టమన్నది.
మూడు పంటలు, ముప్పై ఒక్క క్వింటాలు,
నలభై వేల మూడొందలు.
కూడిక ఆమె నోటితోనే చెప్పింది,
నేను క్యాలిక్యులేటర్ల చూసుకున్న. సరిగ్గ ఉన్నది.

ఏడో కాయితం, కోర్టు ధిక్కారం.
ఆ మాట ఇని బెదిరింది.
"నేనేం ధిక్కారం జేసిన్ బిడ్డా?"
నువ్వు గాదవ్వా, సారు. కోర్టును.
"కోర్టునా? నన్ను గదా."
నేను రిబ్బను లేని ప్రింటరు దిక్కు చూసిన.

తొమ్మిదోది ఆమెది గాదు గని
లెక్కల కలిపిన.
తహసీలు జూనియర్ అసిస్టెంటు బండి దిగి
సారు అఫిడవిట్టు, అర్జెంటు, అన్నడు.
నా చేతులతోనే కొట్టిన:
గౌరవ న్యాయస్థానమంటే అపారమైన గౌరవమని,
ఆలస్యం బుద్ధిపూర్వకం గాదని,
బేషరతుగ క్షమాపణ అని.
సారు పేరు పన్నెండు చోట్ల,
సాంబలచ్చి పేరు పైన ఒక్క చోట.
అపాలజీ అన్న మాటకు చివర్ల వై పడలే.
మళ్ల కొట్టాల్నా అంటే, పర్వాలేదని పెన్నుతోని దిద్దిండు.
పేజీకి ముప్పై రూపాలు. రశీదు అడిగిండు.

పేషీ నాడు
కాజీపేటల తెల్లారుగట్ల రైలెక్కి పోయింది.
సారు చేతులు కట్టుకొని నిలబడ్డడట,
రెండు నిమిషాలు.
కోర్టు పెద్ద మనసు చేసుకున్నదట,
ఇంక నాలుగు వారాలిచ్చిందట.
బయట వరండాల సారు ఆమె పక్క నుంచే నడిచిండు.
"నన్ను గుర్తువట్టలే. ఎప్పుడన్న మొకం చూస్తె గదా"
అన్నది, కోపమేం లేదు ఆ మాటల.

ఆ నాలుగూ పోయినయి. ఇంకో నాలుగు గుడ.
ఇయ్యాల గొడుగు ముడుచుకుంట వచ్చి కూసున్నది.
గోర్లల్ల నల్లరేగడి.
పదకొండోది మొదలువెట్టబోతే
చెయ్యి అడ్డం పెట్టింది.
"ఈపారి వారాలు రాయకు బిడ్డా.
వారాలు ఆళ్లకు దొరుకుతనే ఉంటయి.
తేదీ రాయి."

ఏ తేదీ అవ్వా?

"జూలై పదిహేను."

వై మీద బొటనేలు పెట్టి
గట్టిగ నొక్కిన.