పాత డిస్కు

శృంగవరపుకోటలో, అరకు రోడ్డు మొదట్లో
అరిగిన టైర్లు పేర్చి గోడ కట్టుకున్న షెడ్డు ఎరకయ్య మేస్త్రిది.
పదకొండేళ్ల నా ఆల్టో చుట్టూ ఒకసారి తిరిగి
"ఏటమ్మా, ఇది కొండెక్కుతందా,
కొండే దీన్ని మోస్తందా?" అన్నాడు.

కొండమీది బడికి పంతులమ్మని నేను.
సోమవారం సోమవారం వెనక సీట్లో
ఆరు అట్టల గుడ్లు, నూట ఎనభై.
పైకి చేరగానే వంట చేసే చిలకమ్మ
ఒక్కొక్కటీ చెవి దగ్గర ఊపి చూసి తీర్పు చెప్పేది:
"పదకొండు పోయాయి టీచరు."
మరో వారం పధ్నాలుగు.
వాన పడిన వారం ఇరవై మూడు.
ఆ రోజు బడి బడంతా గుడ్డు పొరటు.

ఎక్కడం అలా. దిగడం మాట వేరు.

భాద్రపదంలో ఒక సాయంత్రం, ఏడో మలుపులో
బ్రేకు నా కాలి కింద
నానిన సబ్బుబిళ్లలా మెత్తగా లోపలికి పోయింది.
మళ్లీ తొక్కాను. మళ్లీ పోయింది.
గోనెసంచి కాలిన వాసన.
ఎదురుగా సీతాఫలాల గంపలతో ఇద్దరు ఆడవాళ్లు,
పక్కన పిట్టగోడ లేని లోయ,
చేతిలో హ్యాండ్ బ్రేకు, నోట్లో ఎవరి పేరో.
గట్టుకి ఒరుసుకుని, కీచుమని, ఆగింది.
వాళ్లలో ఒకామె కిటికీలోంచి ఒక పండు నా ఒళ్లో పెట్టి
ఏమీ అడక్కుండా నడిచిపోయింది.
ఆ పండు తినలేకపోయాను.
గేరు రాడ్డు పక్కనే నల్లబడింది.

"గట్టి బ్రేకులు వేసెయ్యి మేస్త్రీ, ఎంతైనా పరవాలేదు."
ఎరకయ్య గరాటు తుడుచుకుంటూ నవ్వాడు.
"నూనె నాలుగేళ్లై మార్చనేదు. నీరు పట్టీసింది.
ఏడెక్కితే ఆ నీరు మరిగి బుడగలైపోద్ది.
ఆ రోజు నువ్వు తొక్కింది బ్రేకు కాదమ్మా, గాలి."

డీఏ బకాయిలు వచ్చిన నెల అది.
వచ్చినవి వచ్చినట్టే షెడ్డులోకి దొర్లిపోయాయి.
కొత్త డిస్కులు, వేడికి లొంగని ప్యాడ్లు,
రబ్బరు గొట్టాల చోట ఉక్కు అల్లిక గొట్టాలు.
షాకబ్జార్బర్లు ఊడదీస్తే
అందులో ఒకటి ఎప్పుడు చచ్చిపోయిందో
నాతో చెప్పనే లేదు.
బుష్షులు చేత్తో నలిపితే పొడి.

గాలి తీసేటప్పుడు కుర్రాడు తవుడు టీకెళ్లాడు.
నన్నే సీట్లో కూర్చోబెట్టాడు మేస్త్రి.
కారు కిందనుంచి గొంతు:
"తొక్కు... అట్టే పట్టు... ఇప్పుడొగ్గీ."
నలభై మందికి లే, కూర్చో చెప్పే దాన్ని
బుద్ధిగా తొక్కాను, పట్టాను, వదిలాను.
ఇరవైసార్లో, ముప్పైసార్లో.
చివర్న కాలి కింద రాయిలాంటిదొకటి తగిలింది.
అంత గట్టి నేల మీద నేనెన్నడూ కాలు పెట్టలేదు.

తాళం ఇస్తూ ఒక్క మాటన్నాడు:
"ఏ గేర్లో ఎక్కితే ఆ గేర్లోనే దిగాల.
బ్రేకుని బతిమాలకు, ఇంజన్ని అడుగు."

సోమవారం. మలుపులో కారు ఒరగలేదు,
రోడ్డుని గోళ్లతో పట్టుకుని తిరిగింది.
చిలకమ్మ రెండుసార్లు లెక్కపెట్టింది.
"రెండు పోయాయి టీచరు."
అందులో ఒకటి ఆవిడ చేతిలోనే జారింది,
నేను చూశాను, అనలేదు.

పాత డిస్కు ఒకటి అడిగి తెచ్చుకున్నాను.
అంచంతా గాడి, మధ్యలో నీలిమచ్చలు.
పనసచెట్టు కొమ్మకి తీగతో కట్టాం.
బోల్టుతో కొడితే
లోయ అవతలిదాకా వినిపిస్తుంది.

ఏడో మలుపులో నన్ను ఆపలేకపోయింది అదే.
ఇప్పుడు ఒక్క దెబ్బకి
పరుగులో ఉన్న నలభై మందీ
ఎక్కడి వాళ్లక్కడ ఆగుతారు.

జానకి తప్ప.
దానికి ఇంకా బ్రేకులు వెయ్యాలి.