ఒక పాఠం ముందు

పందొమ్మిదేళ్ళు రష్యన్ చెప్పిన దులమ్‌సురేన్ టీచర్‌కి
ఆకురాలే కాలంలో ఒక కాగితం వచ్చింది:
ఇకనుంచి ఇంగ్లీషు.

ఉలాన్‌బాతర్‌లో నలభై రోజుల శిక్షణ.
సరుకుల లారీలో పిండి బస్తాల మధ్య కూర్చుని
తిరిగొస్తూ ఆమె తెచ్చుకున్నవి
ఒక పుస్తకం, ఒక కేసెట్టు,
కొత్త చెప్పులా ఇంకా కరుస్తున్న నాలుక.

మాకప్పుడు పదకొండేళ్ళు.
గోబీ అంచున, గాలి తప్ప ఎవరూ తలుపు తట్టని బడి.
"మీకంటే నాకు ఒక్క పాఠమే ఎక్కువ తెలుసు" అంది మొదటి రోజే.
"నన్ను మరీ తరమకండి."
మేం నవ్వాం.

రాత్రి హాస్టల్ నుంచి ఒంటికని బయటికొస్తే
ఆమె గుడారం నడినెత్తి కంతలోంచి
పిడకల పొగతో పాటు మర్నాటి పాఠం పైకి లేచేది
వాటర్, వాటర్,
విండో, వింటర్, వాటర్.
చుక్కలకి నీళ్ళు పోస్తోందనుకున్నాను.

"ద" అనేది మా భాషలో లేదు.
ఆమె బాగా ఎరిగిన రష్యన్‌లోనూ లేదు.
"ఎందుకిది?" అన్నాడు గోంచిగ్, గొర్రెలకాపరి కొడుకు.
చాలాసేపు కిటికీ వైపు చూసి అంది:
"ఎ మేక అంటే ఏదో ఒక మేక.
ద మేక అంటే
నిన్న మీ అమ్మ చెప్పు విసిరిందే, అది."
ఆ రోజంతా గోంచిగ్
ద టోపీ, ద ముక్కు, ద ఆకలి అంటూ
తనకున్న ఆస్తినంతా లెక్కపెట్టుకున్నాడు.

చలికి బ్యాటరీలు ముడుచుకుపోయేవి.
చంకలో పెట్టుకుని వెచ్చబరిచి తెచ్చేది.
అయినా పది నిమిషాలకే
కేసెట్టులోని సన్నటి ఆడగొంతు మగగొంతై,
మగగొంతు ఒంటె గొంతై
గూ...డ్... మా...ర్నిం...గ్ అని మోకాళ్ళమీద కూలబడేది.
మేం బుద్ధిగా అలాగే అప్పజెప్పాం,
ముప్ఫైమందిమి, ఒంటెల్లా.
కాదని చెప్పేవాళ్ళు చుట్టూ ఎన్ని రోజుల ప్రయాణంలోనూ లేరు.

ఆ ఏడు జూద్ పడింది.
మంచు గాజులా గడ్డిని మూసేసే చలికాలం అది.
గొర్రెలు నిలబడినచోటే నిలబడి చచ్చిపోతాయి.
గోంచిగ్ వాళ్ళ మంద
మూడు వందల పన్నెండు నుంచి తొమ్మిదికి వచ్చింది.
ఆ తొమ్మిదీ కోసుకుని, గుడారం విప్పి లారీకెత్తి
నగరం వైపు పోయారు.

పద్నాలుగో పాఠం దగ్గర ఆమె ఆగిపోయింది.
మూడు రోజులు పాత పాఠాలే తిప్పి తిప్పి చెప్పింది.
నాలుగో రోజు మేం ఆమెని అందుకున్నాం.
ఇక ముందు పాఠమంటూ ఏదీ లేదు,
ఆమే మేమూ ఒకే పేజీ ముందు.

"హీ వెంట్" అంది. "వెళ్ళాడు. మంగళవారం, లారీలో. అయిపోయింది."
"హీ హేజ్ గాన్..."
పుస్తకం చూసింది. పొయ్యి చూసింది.
లేచి వెళ్ళి గోంచిగ్ బెంచీ మీద కూర్చుంది.
వాడి సిరాబుడ్డిలో సిరా గడ్డకట్టి ఉంది.
"వెళ్ళాడు" అంది, మాతో కాదు,
"వాడు వెళ్ళడం మాత్రం ఇంకా ఇక్కడే కూర్చుంది."

తర్వాత చేతితొడుగు తీసి
తను అన్న మాటనే
తన నోట్‌బుక్‌లో రాసుకుంది.

ఇప్పుడు నేను పర్యాటకుల జీపు నడుపుతాను.
నిన్నొక ముసలి డచ్చాయన అడిగాడు,
"ఇంత నెమ్మదిగా మాట్లాడతావేం? ఒంట్లో బాగాలేదా?"
బ్యాటరీల సంగతి చెప్పబోయి
మా టీచర్ ఇలాగే నేర్పింది అన్నాను.
ఆయనకి సరిగా వినబడలేదు.
"ఎ టీచర్?" అన్నాడు, చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని.

"ద" అన్నాను
సాగదీసి,
ఎంత పొడుగ్గా వస్తే అంత పొడుగ్గా.