గుట్టయ్య భార్య

జమ్మలమడుగు పక్కన మా ఊరికి
కరణం వెంట ఒక గుమాస్తా వచ్చినాడంట,
చంకలో దొడ్డు పుస్తకం, చెవి సందున పెన్సిలు.
ఆ ఏడు వానల్లేవు.
పెన్నేట్లో చెలమలు కూడా ఎండినాయి.
మా జేజి నాపరాళ్ళ గని నుంచి అప్పుడే వచ్చి
కొంగుతో మెడ తుడుచుకుంటా నిలబడింది.

"పేరేమ్మా?"
"నాగన్నోళ్ళమ్మ."
"అది కొడుకు పేరు. నీది చెప్పు."
"రాళ్ళాయన పెండ్లాము."
"అది మొగుని పని. నీదమ్మా, నీది!
పేరు లేకుంటే కొట్టేయమని పైనుంచి ఉత్తర్వు."

ఆ మాటకు నవ్వొచ్చింది పాపా, అనేది జేజి,
లేనిదాన్ని కొట్టేసేదేముంది అని.

ఆనక ఊరకుండిపోయింది.
పదకొండేండ్లకు ఈ ఊరొచ్చింది.
అత్తకు "ఓ పిల్లా". ఆయనకు "ఏమే".
గనికాడ మేస్త్రికి "రెండో గంప".
పుట్టింటి పేరు
వాళ్ళమ్మతోపాటే మైలవరం మట్టిలో కలిసింది.
కరువునాడు గాదె అడుగు గోకినట్టు
లోపల గోకి గోకి తీసింది:

"చౌడమ్మ."

గోడవతల ఫక్రూబీ తల తిప్పి చూసింది,
ఎవురొచ్చినారా కొత్తగా అని.

"మొగుని పేరు?"
అబ్బో, అది నోట పలికే మాటనా!
చెయ్యెత్తి పడమర చూపించింది.
"అదో, అది."
గుమాస్తా తలెత్తి చూసినాడు. కళ్ళజోడు సర్దుకున్నాడు.
గుట్టయ్య, అని రాసుకున్నాడు.

పుష్యమాసం చలి. బడికాడ వరస.
ఆడోళ్ళకు వేరే తడిక.
లోపల ఏజెంటు ఒకాయన పుస్తకం మీద వేలు పెట్టినాడు:
"ఈ ఊర్లో గుట్టయ్య అనేవాడే లేడు.
ఈమె మొగుడు కొండయ్య. చెల్లదు."
మొగోళ్ళ వరసలో కొండయ్య
తన పేరు విని తల దించుకున్నాడు.
"మొగుని పేరు నోటితో చెప్పు, చీటీ ఇస్తాం."

జేజి చెప్పలేదు.
"చౌడమ్మ ఉందా ఆ పుస్తకంలో?"
"ఉంది."
"అది నేనే.
ఆయన ఓటు ఆయన చూసుకుంటాడు."

ఆఫీసరు చాలాసేపు సిరా సీసా మూత తిప్పుతా కూచున్నాడంట.
ఆఖరికి వేలు పట్టుకున్నాడు.

ఏ పెట్టెలో వేసిందో కొండయ్యకు చెప్పలేదు, మాకూ చెప్పలేదు.
సంగటి కెలికేటప్పుడు ఆ వేలు ఎత్తి పట్టుకునేదని
మా నాయిన అంటాడు.
గని దుమ్ముకు వారంలోనే పోయిందంట సిరా.

ఆ పేరుతో ఎవురూ మళ్ళా పిలవలేదు.
మద్రాసు పోయింది. కర్నూలొచ్చింది, గుడారాలేసుకొని.
మూడేండ్లకు మళ్ళా ఓట్లొచ్చినాయి.
జేజి తెల్లారకముందే పోయి బడి మెట్లమీద కూచుంది.

ఓటుకు కాదు పాపా, ఆ పిలుపు కోసం పోయినా,
అన్నది ఒకసారి.
ఇంకోసారి అడిగితే
నేనట్లా అన్లేదే, అన్నది.